పాత బ్యాటరీ ఏ దారిన పోతోంది?

కర్నూలులో ఏ గుజరీ అంగడి ముందు కాసేపు నిలబడినా ఒక సంగతి అర్థమవుతుంది. ఇన్వర్టర్ నుంచి తీసిన పాత బ్యాటరీని ఇద్దరు పట్టుకొచ్చి తూకం మీద పెడతారు, అప్పటికప్పుడు డబ్బు చేతికొస్తుంది. అదే ఇంట్లోని గడియారం సెల్లు, రిమోటు సెల్లు ఓ గుప్పెడు తెచ్చి ఇస్తామంటే అంగడివాళ్లు వద్దంటారు. ఉబ్బిపోయిన సెల్‌ఫోను బ్యాటరీని కొందరు తీసుకుంటారు, కొందరు తీసుకోరు. మూడూ బ్యాటరీలే. మూడింటిలోనూ మట్టిని, నీటిని, మనిషిని పాడుచేసే పదార్థాలు ఉన్నాయి. అయినా వాటి గతిని తేలుస్తున్నది లోపలి లోహానికి బజారులో పలికే ధర. విషానికి తూకంలో లెక్క లేదు.

బ్యాటరీ రీసైక్లింగ్ గురించి వచ్చే గందరగోళమంతా ఇక్కడే మొదలవుతుంది. ‘బ్యాటరీలను రీసైకిల్ చేయండి’ అని ఒక్క ముక్కలో చెప్పేస్తారు గానీ ఒక్కో రకానిది ఒక్కో చిక్కు. సీసం బ్యాటరీ చెత్తకుప్పకు చేరదు, దాదాపు ప్రతిదీ కొలిమికి చేరుతుంది. ఏ కొలిమికి అన్నదే అక్కడి ప్రశ్న. పెన్సిల్ సెల్లుకు అసలు దారే లేదు. లిథియం బ్యాటరీకి దారి ఇప్పుడిప్పుడే పడుతోంది, ఆలోపు అది మన ఇళ్లలో, చెత్త బండ్లలో నిప్పు పుట్టించగలదు. అందుకే వీటిని విడదీసి చూడాలి. అన్నిటికన్నా ఎక్కువ చెప్పుకోవలసింది సీసం గురించే.

సీసం బ్యాటరీ

బైకు, కారు, ట్రాక్టరు, ఆటో, ఇన్వర్టర్, పత్తి చేలో మందు కొట్టే బ్యాటరీ పంపు, అడవి పందులు రాకుండా చేను చుట్టూ కట్టిన తీగకు కరెంటు ఇచ్చే ఝట్కా మిషన్... వీటిలో ఎక్కువ భాగం ఇప్పటికీ నడిచేది సీసం బ్యాటరీతోనే. లోపల ఆరు అరలు ఉంటాయి, ఒక్కో అర సుమారు రెండు వోల్టులు ఇస్తుంది, మొత్తం పన్నెండు. ప్రతి అరలో సీసపు ప్లేట్లు, వాటి మీద సీసపు ముద్ద, చుట్టూ నీళ్లు కలిపిన గంధకామ్లం. బయటి పెట్టె పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్. బరువులో సగానికి పైగా సీసమే. ఇళ్లలో వాడే 150 ఆంపియర్ అవర్ల ట్యూబులర్ బ్యాటరీ యాసిడ్‌తో కలిపి యాభై కిలోలు దాటుతుంది. అందులోని సీసాన్ని లెక్కవేసుకుంటే తూకం దగ్గర దానికి అంత గిరాకీ ఎందుకో తెలుస్తుంది.

మన ప్రాంతంలో ఈ బ్యాటరీలు తొందరగా చచ్చిపోతాయి. సీసం బ్యాటరీ ఉన్న చోట వేడి ఎనిమిది నుంచి పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందని ఈ రంగంలో ఒక లెక్క ఉంది. వేసవిలో నలభై డిగ్రీలు దాటి ఎండ కాసే కర్నూలులో, పడమటి ఎండ పడే వరండాలో ఇన్వర్టర్ పెట్టి, డిస్టిల్డ్ వాటర్ పోయడం మరిచిపోతే, ఐదేళ్లు రావలసిన బ్యాటరీ అందులో సగం కాలం కూడా నిలవకపోవచ్చు. గాలి ఆడే నీడపట్టున పెట్టడం, నీటి మట్టం తగ్గకుండా చూడటం, పూర్తిగా డిశ్చార్జి అయ్యాక రోజుల తరబడి అలాగే వదిలేయకపోవడం... రీసైక్లింగ్ కన్నా ముందు చేయవలసిన పనులు ఇవి. బ్యాటరీ ఒక్క ఏడాది ఎక్కువ నిలిచినా కొలిమికి చేరే సీసం ఆ మేరకు తగ్గినట్టే.

సీసానికి రెండు గుణాలు ఉన్నాయి. ఎన్నిసార్లు కరిగించి శుద్ధి చేసినా దాని నాణ్యత తగ్గదు. పాత బ్యాటరీ సీసంతో చేసిన కొత్త బ్యాటరీ గనిలోని సీసంతో చేసినదానికి ఏమాత్రం తీసిపోదు. అందుకే అమెరికా, ఐరోపాల్లో వాడిన సీసం బ్యాటరీలు దాదాపు అన్నీ తిరిగి కర్మాగారాలకు చేరుతున్నాయి. వాడి పారేసే వస్తువుల్లో ఇంత పూర్తిగా తిరిగి వచ్చేవి చాలా తక్కువ. ఇక రెండో గుణం, అది 327 డిగ్రీల దగ్గరే కరగడం. ఇనుము కరగాలంటే 1500 డిగ్రీలకు పైగా వేడి కావాలి. సీసానికి బొగ్గుల పొయ్యి, ఇనుప బాణలి చాలు. ఊరి చివర రేకుల షెడ్డులో, చేను గట్టున, ఎవరైనా కరిగించగలరు. ఈ సౌలభ్యమే పీడగా మారింది.

లైసెన్సు ఉన్న కర్మాగారంలో ఏం జరుగుతుందో చూద్దాం. బ్యాటరీ యాసిడ్‌తో సహా, నిలువుగా పేర్చి, కారకుండా కట్టిన లారీలో వస్తుంది. మూసి ఉన్న యంత్రంలో దాన్ని పగలగొడతారు. నీళ్ల తొట్టిలో సీసం అడుగుకు దిగుతుంది, ప్లాస్టిక్ పైకి తేలుతుంది. యాసిడ్‌ను వేరే తొట్టెలోకి పట్టి క్షారంతో విరుస్తారు, లేదంటే శుద్ధి చేసి మళ్లీ వాడతారు. ప్లాస్టిక్‌ను కడిగి గుళికలుగా మార్చి తిరిగి బ్యాటరీ పెట్టెలకే పంపుతారు. సీసపు ముద్ద కొలిమిలోకి వెళ్తుంది. కొలిమి మీది పొగ నేరుగా గాలిలో కలవదు, వడపోత సంచుల గుండా, నీటి జల్లు గుండా పోతుంది. కార్మికులు ముసుగు వేసుకుంటారు, పని ముగిశాక స్నానం చేసి, బట్టలు మార్చుకున్నాకే ఇంటికి వెళ్తారు, కొన్నాళ్లకోసారి రక్తపరీక్ష చేయించుకుంటారు. చివరికి మిగిలే చిట్టెంలో కూడా సీసం ఉంటుంది కాబట్టి దాన్ని ప్రమాదకర వ్యర్థాల కోసం కట్టిన గుంతకే పంపాలి.

ఇదంతా ఖర్చుతో కూడిన పని. లైసెన్సు లేని చోట ఈ ఖర్చులో ఒక్క రూపాయి కూడా ఉండదు. బ్యాటరీ మూతలు తీసి బోర్లిస్తారు. యాసిడ్‌కు ధర లేదు, పైగా బరువు. అది మురికి కాలువలోకో మట్టిలోకో పోతుంది. ఆ యాసిడ్ ఒట్టి యాసిడ్ కూడా కాదు, అందులో సీసం కరిగి ఉంటుంది. తర్వాత గొడ్డలితోనో సుత్తితోనో పెట్టె పగలగొట్టి ప్లేట్లు బయటకు లాగుతారు. చేతికి తొడుగు ఉండదు. ప్లేట్ల నుంచి రాలిన బూడిద రంగు పొడి నేల మీద, బట్టల మీద, జుట్టులో చేరుతుంది. బాణలిలో కరిగించేటప్పుడు లేచే పొగను ఆపేది ఏదీ ఉండదు. సీసం బరువైనది కాబట్టి ఆ పొగలోని ధూళి ఎంతో దూరం పోకుండా చుట్టుపక్కల ఇళ్ల మీద, వాకిళ్లలో, చేలల్లో దిగుతుంది. పైగా ఇలా కరిగించినప్పుడు ముద్దలోని సీసం కొంత చిట్టెంలోనే ఉండిపోతుంది. అంటే ఆ పద్ధతిలో విషం ఎక్కువ, చేతికొచ్చే లోహం తక్కువ.

పాత బ్యాటరీ అమ్మేటప్పుడు ఒక అంగడిలో కాస్త ఎక్కువ ధర, మరో చోట కాస్త తక్కువ ధర చెబుతారు. ఎక్కువ ఇచ్చేవాళ్లను మంచివాళ్లు అనుకోవడం సహజం. కానీ ఆ ఎక్కువ ఎక్కడి నుంచి వస్తోందో ఆలోచించాలి. యాసిడ్ శుద్ధికి, పొగ వడపోతకు, కార్మికుల రక్తపరీక్షకు పెట్టవలసిన ఖర్చును ఎగ్గొట్టినవాళ్లే పోటీలో ఎక్కువ ధర ఇవ్వగలుగుతారు. చట్టం ప్రకారం నడిచే కర్మాగారం ఆ ధరను అందుకోలేదు. మనకు వచ్చే ఆ నాలుగు రూపాయలు ఏదో ఒక ఊరి పిల్లల రక్తం నుంచి తీసినవే.

ఇది అతిశయోక్తిగా అనిపించవచ్చు. సెనెగల్ రాజధాని డకార్ శివార్లలో తియారోయ్ సుర్ మెర్ అనే చోట జరిగింది గుర్తు చేసుకోవాలి. అక్కడి ప్రజలు పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం తీసేవారు. బ్యాటరీ మట్టి కలిసిన ఇసుకను ఇళ్ల దగ్గర జల్లెడ పట్టి సీసపు ముక్కలు ఏరేవారు. 2007 నవంబరు నుంచి 2008 మార్చి లోపల అక్కడ 18 మంది పసిపిల్లలు చనిపోయారు. అది సీసపు విషం వల్లేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధనలో తేలింది. అంత తీవ్రమైన ఘటన ప్రతిచోటా జరగదు. కానీ నెమ్మదిగా జరిగేది అంతకన్నా చాలా విస్తారమైనది. యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు 2020లో వెలువరించిన నివేదిక ప్రకారం ప్రపంచంలో దాదాపు 80 కోట్ల మంది పిల్లల రక్తంలో సీసం డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు లేదా అంతకు మించి ఉందని అంచనా. వారిలో సుమారు 27.5 కోట్ల మంది మన దేశపు పిల్లలే. దీనికి ముఖ్య కారణాల్లో ఒకటిగా ఆ నివేదిక ఎత్తిచూపింది ఈ దొంగచాటు సీసపు కొలిముల్నే.

నోటి ద్వారా ఒంట్లోకి వెళ్లిన సీసాన్ని చిన్నపిల్లల శరీరం పెద్దవాళ్ల కన్నా నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. వాకిట్లో ఆడి, మట్టి చేతులు నోట్లో పెట్టుకునే వయసులోనే ఈ ముప్పు ఎక్కువ. కాల్షియం, ఇనుము తక్కువగా తినే పిల్లల్లో ఇంకా ఎక్కువ. ఒంట్లో చేరిన సీసం ఎముకల్లో, పళ్లలో ఏళ్ల తరబడి నిలిచిపోతుంది. కడుపునొప్పి, రక్తహీనత, నీరసం కనిపించినా అవి ఎన్నో జబ్బుల్లో ఉండేవే కాబట్టి ఎవరూ సీసాన్ని అనుమానించరు. చదువులో వెనకబడటం, ఏకాగ్రత లేకపోవడం వంటివైతే జబ్బుగానే లెక్కకు రావు, ‘మొద్దు’ అన్న పేరుతో సరిపెడతారు. ఫలానా మోతాదు వరకు ఫరవాలేదు అని చెప్పదగిన హద్దు సీసానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెబుతోంది. ఇంట్లో ఎవరైనా బ్యాటరీ ప్లేట్లు మార్చే పని, కరిగించే పని చేస్తుంటే పిల్లలకు సీసం కోసం రక్తపరీక్ష చేయించడం అవసరం. పని బట్టలు ఇంటి బట్టలతో కలిపి ఉతకకూడదు.

ఇలా రాస్తున్నానని గుజరీ అంగడివాళ్లను దోషులుగా నిలబెట్టినట్టు అనుకోవద్దు. ఊరి చెత్తలో ఎంతో భాగాన్ని కుప్పకు చేరకుండా ఆపుతున్నది వాళ్లే. సీసం ధూళిని ముందుగా పీల్చేదీ వాళ్లే. వాళ్లకు లైసెన్సున్న కర్మాగారంతో తిన్నగా లంకె కుదిరి, యాసిడ్‌తో ఉన్న బ్యాటరీకే మంచి ధర దొరికితే, మూత తీసి కాలువలో వంచవలసిన అవసరం వాళ్లకూ ఉండదు.

మరి ఇంట్లో పాత బ్యాటరీ ఉన్నవాళ్లు ఏం చేయాలి? కొత్త బ్యాటరీ కొనే డీలరుకే పాతది ఇచ్చి, దాని విలువను బిల్లులో తగ్గింపుగా రాయించుకోవాలి. ‘పాతది ఉంటే ఇంత, లేకపోతే ఇంత’ అని డీలర్లందరి దగ్గరా రెండు ధరలు ఉంటాయి. అమరాన్ బ్యాటరీల కంపెనీకి మన పక్కన తిరుపతి దగ్గర కరకంబాడిలోనే కర్మాగారం ఉంది. మిగతా పెద్ద కంపెనీల డీలర్లు కూడా కర్నూలు, ఆదోని, నంద్యాల వంటి ప్రతి పట్టణంలో ఉన్నారు కాబట్టి దూరాభారం లేదు. యాసిడ్ పారబోసి ఇవ్వడం మాత్రం వద్దు, మూతలు బిగించి నిలువుగా ఉంచి తీసుకెళ్లాలి. ‘రీకండిషన్’ చేసిన చవక బ్యాటరీ కొనే ఆటో డ్రైవర్లను తప్పుపట్టలేను, వాళ్ల సంపాదన అలాంటిది. కానీ వీధిలోని షెడ్డులో ప్లేట్లు మార్చి చేసిన బ్యాటరీ ఎన్నాళ్లు వస్తుందో ఎవరూ హామీ ఇవ్వరు, ఆ షెడ్డు నేలంతా సీసపు పొడే ఉంటుంది.

ఎవరికీ అక్కర్లేని సెల్లు

గడియారం, రిమోటు, టార్చి, బొమ్మల్లో వేసే సెల్లు రెండు రకాలు. చవకవి జింకు-కార్బన్ సెల్లు. జింకు డబ్బా, మధ్యలో కార్బన్ కడ్డీ, వాటి నడుమ మాంగనీసు డయాక్సైడు కలిసిన నల్లటి పొడి. కాస్త ఖరీదైనవి ఆల్కలైన్ సెల్లు, వాటిలో పొటాషియం హైడ్రాక్సైడు ఉంటుంది. రెండింటిలోనూ పనికొచ్చేవి జింకు, మాంగనీసు, ఉక్కు. ఇవేవీ కిలో లెక్కన పెద్ద ధర పలకవు. సెల్లును ఏరి, రవాణా చేసి, విప్పి, వేరుచేయడానికి అయ్యే ఖర్చు వచ్చే లోహం విలువను మించిపోతుంది. గుజరీ అంగడివాళ్లు వద్దనడానికి కారణం అదే.

అలాగని వీటిలో సారం లేదని కాదు. కొన్ని దేశాల్లో వాడిన ఆల్కలైన్ సెల్లు నుంచి జింకు, మాంగనీసు తీసి, శుద్ధి చేసి పంటలకు సూక్ష్మపోషక ఎరువుగా మారుస్తున్నారు. జింకు లోపం ఉన్న నేలలకు జింకు సల్ఫేటు కొని చల్లే మన రైతులకు ఈ సంగతి ఆసక్తి కలిగించవచ్చు. అయితే సెల్లు పగలగొట్టి ఆ పొడిని చేలో చల్లడం దానికి ప్రత్యామ్నాయం కానే కాదు, శుద్ధి చేయని పొడిలో ఏ లోహాలు కలిసి ఉన్నాయో తెలియదు. వెనకటికి పల్లె బడుల్లో సెల్లు పగలగొట్టి, నల్లపొడిని ఆకు పసరులో కలిపి నల్లబల్లకు పూసేవారు. మాంగనీసు ధూళి చాలాకాలం పీలిస్తే నరాలకు హాని. ఇప్పుడు ఆ అలవాటు పోవడం మంచిదే అయింది.

2016 నాటి ఘన వ్యర్థాల నియమాలు వాడిన బ్యాటరీలను ఇంటి ప్రమాదకర చెత్తగా విడిగా ఉంచాలన్నాయి. రాష్ట్రంలో 2021లో మొదలైన క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమంలో ఇళ్లకు ఆకుపచ్చ, నీలం, ఎరుపు బుట్టలు ఇచ్చారు. ఎర్ర బుట్ట ఉద్దేశం ఇలాంటి వాటికే. ఆ బుట్ట చాలా ఇళ్లలో ఇప్పుడు బట్టలకో బియ్యానికో వాడుకలో ఉంది. ఎర్రది విడిగా ఇచ్చినా బండిలో అన్నీ కలిసిపోతే జనం ఎన్నాళ్లు విడదీస్తారు? ఈ విషయంలో నాకు ప్రజల మీద కన్నా ఏర్పాటు మీదే ఫిర్యాదు. ప్రతి వార్డు సచివాలయంలో సెల్లు వేసే ఒక డబ్బా పెట్టి, నిండినప్పుడు రీసైక్లర్‌కు పంపడం పెద్ద ఖర్చు కాదు. అందాకా సెల్లును ఒక ప్లాస్టిక్ డబ్బాలో పోగుచేసి, ఎలక్ట్రానిక్ వ్యర్థాల సేకరణ జరిగినప్పుడు ఇవ్వడమే మార్గం. కారిన సెల్లును వట్టి చేత్తో తాకవద్దు. రిమోటులో ఆల్కలైన్ సెల్లు కారి తెల్లటి పొడి పడితే నిమ్మరసంలో ముంచిన గుడ్డతో తుడిస్తే పోతుంది. రోజూ వాడే బొమ్మలకు, టార్చీలకు చార్జి చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లు కొంటే ఒక్కటే వందల సెల్లు పని చేస్తుంది. పాత కార్డ్‌లెస్ ఫోన్లలో, ఎమర్జెన్సీ లైట్లలో ఉండే నికెల్-కాడ్మియం సెల్లు మాత్రం వీటన్నిటికన్నా విషపూరితమైనవి, ‘సీడీ’ (Cd) అన్న కాడ్మియం గుర్తు కనిపిస్తే తప్పనిసరిగా విడిగా పెట్టాలి.

చేతి గడియారం, చిన్న రిమోట్లు, పాట పాడే బొమ్మల్లో ఉండే బొత్తాం సెల్లు గురించి రీసైక్లింగ్ కన్నా ముందు చెప్పవలసిన మాట ఒకటి ఉంది. అయిపోయిన బొత్తాం సెల్లును బల్ల మీద వదలకండి. పిల్లలు మింగితే అది అన్నవాహికలో ఇరుక్కోవచ్చు. చుట్టూ ఉన్న తడిలో కరెంటు పారి క్షారం పుట్టి, రెండు గంటల్లోనే లోపలి కండను కాల్చివేయగలదు. గడియారం నడపలేని ‘చచ్చిన’ సెల్లులో కూడా అందుకు సరిపడా శక్తి ఉంటుంది. మింగిందన్న అనుమానం వస్తే వాంతి చేయించకుండా, నొప్పి వస్తుందేమో చూద్దామని ఆగకుండా, ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి వెంటనే పరుగెత్తాలి. కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఈ ప్రాంతానికంతా పెద్దది. తీసేసిన సెల్లుకు రెండు వైపులా టేపు అంటించి, పిల్లలకు అందని డబ్బాలో వేయాలి.

లిథియం

1991లో సోనీ కంపెనీ మొదటిసారి బజారులోకి తెచ్చిన లిథియం అయాన్ బ్యాటరీ ఇప్పుడు ఫోను, ల్యాప్‌టాప్, పవర్ బ్యాంకు, ఎలక్ట్రిక్ స్కూటరు, ఆటో, బస్సు అన్నిటిలోనూ ఉంది. దీన్ని కనుగొనడంలో పాలుపంచుకున్న ముగ్గురు శాస్త్రవేత్తలకు 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ దక్కింది. తేలిక, శక్తి ఎక్కువ. కానీ సీసం బ్యాటరీలా ఇది మొరటుతనాన్ని సహించదు. నలిగినా, గుచ్చుకున్నా, మితిమీరి వేడెక్కినా లోపలి పొరలు కలుసుకుని, వేడి పుట్టి, ఆ వేడి మరింత వేడిని పుట్టిస్తూ మంటగా మారుతుంది. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఒకరు, విజయవాడలో ఒకరు ఇంట్లో చార్జింగ్‌లో ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ పేలి చనిపోయారు. అలాంటి ప్రమాదాల తర్వాతే కేంద్రం స్కూటర్ బ్యాటరీల భద్రతా ప్రమాణాలను కఠినం చేసింది.

వాడిన లిథియం బ్యాటరీ చెత్త బుట్టలో పడితే చెత్తను నొక్కే లారీలోనో డంపింగ్ యార్డులోనో మంట పుట్టించవచ్చు. ఎండకు ఎండిన ప్లాస్టిక్, కాగితం కుప్ప పక్కన ఒక్క నలిగిన ఫోను బ్యాటరీ ఉన్నా చాలు. ఉబ్బిన బ్యాటరీ అంటే లోపల వాయువు పట్టిందని అర్థం. దాన్ని నొక్కకూడదు, పొడవకూడదు, చార్జింగ్ పెట్టకూడదు. ఇసుక పోసిన ఇనుప డబ్బాలో వేసి ఇంటి బయట, ఎండ పడని చోట ఉంచి, సర్వీసు సెంటరుకు ఇవ్వాలి.

రీసైక్లింగ్ కర్మాగారంలో ముందు దీన్ని పూర్తిగా డిశ్చార్జి చేస్తారు. తర్వాత ప్రాణవాయువు తగలని చోటో నీళ్లలోనో ముక్కలు చేస్తారు. రాగి, అల్యూమినియం, ప్లాస్టిక్ వేరయ్యాక మిగిలేది ఒక నల్లటి పొడి. ఈ రంగంలో దీన్ని ‘బ్లాక్ మాస్’ అంటారు. విలువంతా అందులోనే ఉంది: కోబాల్ట్, నికెల్, లిథియం, గ్రాఫైట్. దాన్ని యాసిడ్‌లో కరిగించి ఒక్కో లోహాన్ని విడిగా తీస్తారు. బాగా నడిచే కర్మాగారాలు కోబాల్ట్, నికెల్‌లో తొంభై శాతానికి పైగా రాబడుతున్నాయి. ప్రపంచ కోబాల్ట్‌లో అధిక భాగం ఒక్క కాంగో దేశం నుంచే వస్తోంది. మన దేశం లిథియానికి దిగుమతుల మీదే ఆధారపడి ఉంది. కాబట్టి సొరుగులో పడివున్న పాత ఫోన్లు మనకు నిజంగా గనులే. ఇలాంటి కీలక ఖనిజాల రీసైక్లింగ్‌కు 2025 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం 1,500 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకాన్ని ఆమోదించింది.

ఇక్కడా ధర సమస్య వస్తుంది. ఇటీవల ఆటోలు, బస్సులు, ఇన్వర్టర్లలో బాగా వాడుతున్న లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకంలో కోబాల్ట్ లేదు, నికెల్ లేదు. మంట పుట్టే ముప్పు కాస్త తక్కువ, ఆయుష్షు ఎక్కువ, చవక. కొనేటప్పుడు అన్నీ మంచి గుణాలే. పాతబడ్డాక మాత్రం తీయడానికి లిథియం, రాగి, అల్యూమినియం తప్ప పెద్దగా ఏమీ ఉండదు. పెన్సిల్ సెల్లుకు పట్టిన గతే దీనికీ పట్టే అవకాశం ఉంది, మధ్యలో చట్టం నిలబడితే తప్ప. మరోవైపు, బండికి పనికిరాకుండా పోయిన బ్యాటరీ పూర్తిగా చచ్చినట్టు కాదు. సామర్థ్యం డెబ్భై, ఎనభై శాతానికి పడిపోయినప్పుడు దాన్ని బండి నుంచి తీసేస్తారు. సరిగా పరీక్షించి, కొత్తగా అమర్చితే ఇళ్లలో, సౌర విద్యుత్తు నిల్వలో మరికొన్నేళ్లు పనిచేస్తుంది. ఆ పని తెలిసిన కర్మాగారం చేయాలి. ప్యాక్ విప్పి పాడైన సెల్లు రెండు మూడు మార్చి ఇచ్చే చోట స్కూటర్ బ్యాటరీ బాగుచేయించుకుని రాత్రంతా పడక పక్కన చార్జింగ్ పెట్టడం ప్రాణాలతో చెలగాటం.

చట్టం చెప్పేది

2001 నాటి బ్యాటరీ నియమాలు సీసం బ్యాటరీలను మాత్రమే పట్టించుకున్నాయి. వాటి స్థానంలో 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాలు గడియారం సెల్లు నుంచి బస్సు బ్యాటరీ దాకా అన్నిటినీ కలుపుకున్నాయి. ముఖ్యమైన మార్పు బాధ్యత ఎవరిదన్న దాంట్లో ఉంది. తయారు చేసిన లేదా దిగుమతి చేసుకున్న కంపెనీయే పాత బ్యాటరీలను సేకరించి రీసైకిల్ చేయించాలి. పూడ్చడం, తగలబెట్టడం నిషిద్ధం. రీసైక్లర్ దగ్గరకు చేరిన సెల్లు, ఫోను బ్యాటరీల వంటి చిన్న బ్యాటరీల తడి లేని బరువులో 2024-25లో 70 శాతం, 2026-27 నుంచి 90 శాతం పదార్థాన్ని రాబట్టాలి. రానున్న ఏళ్లలో కొత్త బ్యాటరీలలో కొంత శాతం రీసైకిల్ చేసిన పదార్థం ఉండి తీరాలని కూడా నియమం పెట్టారు. మన వంతు బాధ్యత కూడా అందులో ఉంది: పాత బ్యాటరీలను మిగతా చెత్తతో కలపకుండా, అధికారికంగా సేకరించేవారికే ఇవ్వాలి. చక్రాల చెత్తబుట్ట మీద కొట్టివేత గుర్తు ఉన్న బొమ్మ బ్యాటరీల మీద అచ్చు వేసేది అందుకే.

నియమం మంచిదే. కానీ సీసం బ్యాటరీకి డీలరు ఉన్నాడు, ఫోనుకు సర్వీసు సెంటరు ఉంది, పత్తికొండ పక్కన పల్లెలో అయిపోయిన సెల్లుకు ఏమీ లేదు. నమోదైన రీసైక్లర్ల జాబితా కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వెబ్‌సైటులో ఉంది, వాళ్లలో ఎక్కువమంది మహానగరాల చుట్టూ ఉన్నారు. పల్లెల్లో సేకరణ మొదలుకావలసింది రైతు సేవా కేంద్రాల నుంచి అని నా అభిప్రాయం. ఎందుకంటే అక్కడ పోగుపడే ముఖ్యమైన బ్యాటరీ మందు కొట్టే పంపుది. రెండు మూడు కిలోల ఆ చిన్న డబ్బా రెండు మూడు సీజన్లకు అయిపోతుంది. రైతు దాన్ని పురుగుమందు డబ్బాల పక్కన గట్టు మీద పడేస్తాడు, లేదా ఊళ్లోకి వచ్చిన పాత సామాన్ల బండికి ఇస్తాడు.

ఆ పంపు బ్యాటరీతోనే ఇప్పుడు కొత్త చిక్కు కూడా వచ్చింది. కొత్త పంపుల్లో, ఇన్వర్టర్లలో లిథియం బ్యాటరీలు వస్తున్నాయి. వాటిలో కొన్ని పాత సీసం బ్యాటరీ కొలతల్లో, అదే ఆకారపు నల్లటి పెట్టెలో ఉంటాయి. పాతది తీసి అదే చోట ఇది పెట్టుకోవచ్చని కంపెనీలు అలా చేస్తున్నాయి. లేబులు చిరిగిపోయాక రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. సీసం బ్యాటరీల కుప్పలో కలిసి లిథియం డబ్బా పగలగొట్టే యంత్రంలో పడినా, గొడ్డలి దెబ్బ తిన్నా, మంటలు లేస్తాయి. విదేశాల్లో సీసం కర్మాగారాలు ఇలాంటి పేలుళ్లతో ఇప్పటికే ఇబ్బంది పడుతున్నాయి. చేత్తో ఎత్తితే తేడా తెలుస్తుంది, అదే కొలతలో సీసందాని కన్నా లిథియంది బాగా తేలిక. కొన్న రోజే పెట్టె మీద చెరగని మార్కర్‌తో పెద్ద అక్షరాల్లో ‘లిథియం’ అని రాసిపెట్టాలి. అయిపోయాక తీగల కొసలకు విడివిడిగా టేపు చుట్టి, సీసం బ్యాటరీలతో కలపకుండా, కొన్న డీలరుకే తిరిగి ఇవ్వాలి. తూకం దగ్గర ఎవరైనా ఇలాంటి తేలికపాటి డబ్బా తెస్తే, పగలగొట్టకుండా పక్కన పెట్టమని గుజరీ అంగడివాళ్లకు చెప్పి రావాలి.